నల్లబడిన కత్తి చెడిపోలేదు

పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

కొత్త కత్తికి వారం తిరక్కుండానే మచ్చలు పడ్డాయని, అంగడివాడు మోసం చేశాడని రాశారు. ముందు మచ్చ రంగు చూడండి. నలుపో, బూడిదో, కాస్త నీలమో అయితే భయం లేదు. ఇటుకరంగు పొడి వేలికి అంటితేనే తుప్పు.

మీరు కొన్నది కార్బన్ స్టీలు, అంటే ఇనుములో కాస్త కార్బన్ కలిసిన ఉక్కు. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే పైన కనిపించని పొర కట్టి ఇనుమును కాస్తుంది. మీ కత్తికి ఆ కాపలా లేదు. మామిడికాయ పులుపు, అరటికాయ వగరు తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపే కుదురుకున్నాక తుప్పును కొంత ఆపుతుంది. పీచు పెట్టి తోమి మెరిపించారో, మళ్లీ మొదటికే! కొత్తలో ఉల్లిపాయ ముక్కలకు ఇనుము వాసన వస్తుంది, తర్వాత తగ్గుతుంది.

అసలు పని తుడవడంలో ఉంది. పులుపు కోస్తూ మధ్యమధ్య తుడవండి. అయిపోగానే కడిగి, పొడిగుడ్డతో ఒత్తండి. అలుగు పిడిలోకి దిగే సందులో నీరు నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. సింకులో నానబెట్టకండి. ఊరెళ్లేటప్పుడు కొబ్బరినూనె పలుచగా పట్టించండి. పొద్దుతిరుగుడు నూనె వద్దు, జిగురు కడుతుంది.

మన కత్తిపీటలకు కమ్మరులు లారీ కమాను పట్టీలు సాగగొట్టి అలుగులు చేసేవారు. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం. కార్బన్ పెరిగేకొద్దీ వాదర, అంటే కోసే అంచు, ఎక్కువకాలం నిలుస్తుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. అందుకే ఎముకల మీద కొట్టకండి, వాదర పళ్లు పళ్లుగా ఊడుతుంది. కొనేటప్పుడు అయస్కాంతాన్ని నమ్మకండి, స్టెయిన్‌లెస్ కత్తులూ చాలావరకు దానికి అతుక్కుంటాయి. అలుగును కంటికి ఎదురుగా పట్టి వంకర చూడండి, పిడి దగ్గర సందులు చూడండి. అంతకుమించి ధర చూసి మురిసిపోనవసరం లేదు.

సాన చక్రం మీద నిప్పురవ్వలు ముచ్చటగానే ఉంటాయి కానీ, ఎక్కువసేపు అదిమితే వాదర వేడెక్కి నీలం తేలుతుంది. ఆ మేర కమ్మరి ఎక్కించిన గట్టిదనం పోయినట్టే. తడిపిన సానరాయి మేలు. కత్తి వెన్నును రాయి మీంచి 15–20 డిగ్రీలు ఎత్తి, ఆ వాలు మారకుండా నూరండి. అవతలి వైపు సన్నటి గరుకు తేలాక తిప్పండి. బరువు వేయకుండా లాగినా టమాటా తోలు తెగాలి.

చిన్నవాళ్లు మాత్రం ఒంటరిగా నూరకండి. సెలవులకు వచ్చేటప్పుడు కత్తిని నూనెగుడ్డలో చుట్టి తెండి, దగ్గర కూర్చోబెట్టి నేర్పుతాను.

మీ అమ్మమ్మ