35 వేల దగ్గరే ఆగిన లెక్క: ఇంజనీరింగ్ ఆడపిల్లల ఫీజు గొడవకు మూలం 2012లో

పేద విద్యార్థుల తరఫున ప్రభుత్వం కళాశాలలకు కట్టాల్సిన ఫీజు బకాయిల మాట మళ్లీ పైకి వచ్చింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు తరగతులు ఆపేసి గేట్లకు తాళాలు వేశాయి. ప్రభుత్వం కొంత సొమ్ము విడుదల చేసి, ఇంకొంత ఇస్తామని మాట ఇచ్చాక తెరుచుకున్నాయి. ఆ నాలుగైదు రోజులూ యాజమాన్యాలకు ఎన్ని వేల కోట్లు రావాలన్నదే చర్చ. ఇంటర్ చదువుతూ ఇంజనీరింగ్‌లో చేరాలనుకుంటున్న అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకు కావలసిన సమాధానం వేరు: ప్రభుత్వం ఎంత ఇస్తుంది, మేమెంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి?

వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలా మొదలైందో, ఊరూరా ఇంజనీరింగ్ కళాశాలలు ఎలా వెలిశాయో అందరికీ తెలిసినదే. నేటి గొడవకు ముడి పడింది ఆ తర్వాత, 2012-13 విద్యా సంవత్సరంలో.

అంతకు ముందు కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే) సీటు ఏ ప్రైవేటు కళాశాలలో దొరికినా ఫీజు సుమారు 31 వేల రూపాయలే. ప్రభుత్వం చెల్లించేదీ అంతే. అందుకని అమ్మాయి వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌లో కోరుకునే కళాశాలల వరుస) పెట్టేటప్పుడు ఫీజు గురించి ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. 2012-13లో ఒకే ఫీజు పోయి, ఏ కళాశాల ఫీజు దానికే నిర్ణయించే పద్ధతి వచ్చింది. కొన్ని పేరున్న కళాశాలల ఫీజు లక్ష రూపాయల దాకా వెళ్లింది. అంత భారం మోయలేమన్న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒక గీత గీసింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన), మైనారిటీ విద్యార్థుల్లో ఎంసెట్ ర్యాంకు 10 వేల లోపు ఉన్నవారికి పూర్తి ఫీజు. ఆ ర్యాంకు దాటిన వారిలో అత్యధికులకు 35 వేలు మాత్రమే.

అప్పట్లో ఇది అన్యాయంగా కనిపించలేదు. 35 వేల ఫీజుకే ఒప్పుకున్న కళాశాలలు వందల్లో ఉండేవి. ఆ తర్వాత ఫీజులు మూడేళ్లకోసారి పెరుగుతూ వచ్చాయి గానీ, తెలంగాణలో ఈ 35 వేల అంకె కదలలేదు. 2022లో అక్కడ ఫీజులు ఖరారైనప్పుడు కనీస ఫీజే 45 వేలు. అంటే రాష్ట్రంలో అన్నిటికన్నా చవకైన ప్రైవేటు కళాశాలలో చేరినా, ర్యాంకు గీత దాటిన బీసీ అమ్మాయి ఇంట్లోంచి ఏటా 10 వేలు పెట్టుకోవాలి. మంచి కళాశాలైతే లెక్క ఇంకా బరువు. ఉదాహరణకు ఫీజు 1,20,000 అనుకుంటే, 35 వేలు పోను 85 వేలు. నాలుగేళ్లకు 3,40,000. హాస్టలు, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు దీనికి అదనం. ఇదంతా పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉన్న కుటుంబం కోసం పెట్టిన పథకంలో జరుగుతున్నది.

2012 నిర్ణయంలో పెద్దగా ఎవరూ ఎత్తిచూపని లోపం ఒకటుంది. సీట్ల కేటాయింపులో ప్రతి కేటగిరీలోనూ అమ్మాయిలకు 33 1/3 శాతం రిజర్వేషన్ ఉంది. అవకాశాల్లో అమ్మాయిలు వెనకబడి ఉన్నారని గుర్తించింది కాబట్టే ప్రభుత్వం ఈ కోటా పెట్టింది. దీనివల్ల 14 వేల ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయికి కూడా మంచి కళాశాలలో, కోరుకున్న బ్రాంచిలో సీటు దొరకవచ్చు. ఫీజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గుర్తింపు లేదు. అక్కడ చూసేది ఓపెన్ ర్యాంకు, అబ్బాయికీ అమ్మాయికీ ఒకటే 10 వేల గీత. సీటు ఇచ్చే నియమం చేయి పట్టి లోపలికి తీసుకెళ్తే, ఫీజు నియమం గుమ్మం దగ్గర ఆపేస్తోంది. లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో మరో ఏడాది దూరపు హాస్టల్లో ఉంచి ర్యాంకు మెరుగుపరచుకునే అవకాశం ఇంట్లో ముందు ఎవరికి దక్కుతుందో తెలిసిన వాళ్లకు, ఈ గీత ఎవరిని ఎక్కువగా తాకుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫలితం వెబ్ ఆప్షన్లలోనే తేలిపోతుంది. అమ్మాయి చేత ఫీజు తక్కువ ఉన్న, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగల కళాశాలనే పైన పెట్టిస్తారు.

ఇక బకాయిలు. సొమ్ము ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే దాని దారి తెలియాలి. విద్యార్థి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు చేస్తుంది. వేలిముద్ర వేస్తుంది. కళాశాల హాజరు, ధ్రువపత్రాలు సరిచూసి జిల్లా సంక్షేమ శాఖ అధికారికి పంపుతుంది. అక్కడ మంజూరై బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. ట్రెజరీ టోకెన్ నంబరు ఇస్తుంది. ఆ టోకెన్ నగదుగా మారడం ఆర్థిక శాఖ చేతిలో ఉంది. బకాయిల్లో పెద్ద భాగం ఈ చివరి మెట్టు మీదే నెలలు, ఏళ్లు కూర్చుంటోంది. విద్యార్థిని తన వంతు పని అంతా పూర్తి చేసినా, ఈపాస్‌లో మంజూరైనట్టు కనిపిస్తున్నా, కళాశాల పుస్తకాల్లో మాత్రం ఆమె బాకీదారే.

యాజమాన్యాల వాదనలో నిజం లేకపోలేదు. జీతాలు, కరెంటు బిల్లులు, అఫిలియేషన్ ఫీజులు ఆగవు. ప్రభుత్వ సొమ్ము మీదే నడిచే చిన్న కళాశాలలు నిజంగానే నష్టపోయాయి. కానీ ఆ నష్టాన్ని అవి వసూలు చేసుకుంటున్నది ప్రభుత్వం దగ్గర కాదు, చదువు పూర్తయిన విద్యార్థుల దగ్గర. ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము మీరు కట్టండి, అది వచ్చాక తిరిగి ఇస్తాం అంటూ టీసీ, మార్కుల మెమోలు ఆపుతున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనలూ అదే చెబుతాయి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడిన అమ్మాయికి ఆ నోటిఫికేషన్ పట్టుకుని పోరాడేంత సమయం ఉండదు. అప్పు తెచ్చి కట్టి సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు. అలా కట్టాల్సి వస్తే రసీదు మీద అది ఏ విద్యా సంవత్సరపు ఆర్‌టీఎఫ్ (ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు) కిందో రాయించుకోవాలి. వట్టి 'ఫీజు' అని రాస్తే, ప్రభుత్వ సొమ్ము కళాశాలకు చేరాక తిరిగి అడగడానికి ఆధారం ఉండదు.

ఆంధ్రప్రదేశ్ 2019 తర్వాత వేరే దారి పట్టింది. ర్యాంకు గీత తీసేసి, ఆదాయ పరిమితిని 2.5 లక్షలకు పెంచి, పూర్తి ఫీజు ఇస్తామంది. 2021 నుంచి ఆ సొమ్మును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేసింది. ఫీజు తల్లి చేతుల మీదుగా కడితే కళాశాలను నిలదీసే హక్కు ఆమెకు వస్తుందన్నది ప్రభుత్వ ఆలోచన, అందులో బలం ఉంది. విడత ఆలస్యమైనా, ఇంట్లో వేరే అవసరానికి ఖర్చయిపోయినా హాల్‌టికెట్ దగ్గర నిలబడేది మాత్రం అమ్మాయే. కళాశాలల సంఘం హైకోర్టుకు వెళ్లగా, సొమ్ము కళాశాలలకే ఇవ్వాలని 2021లో సింగిల్ జడ్జి తీర్పు వచ్చింది. 2023లో తల్లి, విద్యార్థి పేరిట ఉమ్మడి ఖాతాలు తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక చెల్లింపు మళ్లీ కళాశాలల ఖాతాలకు మళ్లింది. ఇన్ని మార్పుల్లో ఏ విడత ఎవరి ఖాతాకు వెళ్లిందో తేల్చుకోలేక చాలా కుటుంబాలు ఇప్పటికీ కళాశాల కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాయి. ఎస్సీ విద్యార్థినులకు ఇంకో మెలిక. 2020 డిసెంబరులో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 60:40 నిష్పత్తికి మార్చింది. కేంద్రం ఇచ్చే 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతా ఆధార్‌తో సరిగా అనుసంధానం కాకపోతే పెద్ద వాటాయే ఆగిపోతుంది.

ఈ రెండు ప్రభుత్వాల పథకాల పక్కన అమ్మాయిల కోసమే ఉన్న కేంద్ర పథకం ఒకటుంది: ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్. 2014-15లో దేశమంతటికీ 4 వేల మందితో మొదలైంది, ఇప్పుడు 10 వేల మందికి ఇస్తారు: డిగ్రీలో 5 వేల మందికి, డిప్లొమాలో 5 వేల మందికి. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. ఏడాదికి 50 వేలు నేరుగా విద్యార్థిని ఖాతాలో వేస్తారు. డిగ్రీలో మొదటి ఏడాది చేరిన వారికి నాలుగేళ్లు, లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాది చేరిన వారికి మూడేళ్లు. ఎంపిక ఇంటర్ మార్కుల మీద, డిప్లొమాకైతే పదో తరగతి మార్కుల మీద. ఎంట్రన్స్ ర్యాంకుతో పని లేదు. ఇంటర్‌లో బాగా రాసి, ఎంట్రన్స్‌లో కాస్త వెనకబడిన అమ్మాయికి ఇది మంచి ఆధారం. 8 లక్షల పరిమితి వల్ల, రాష్ట్ర పథకాలకు కాస్తలో అర్హత తప్పిపోయే చిరుద్యోగుల కుటుంబాలకు మిగిలే దారుల్లో కూడా ఇదొకటి. ఇక్కడా మొత్తం మాత్రం మొదట్లో ట్యూషన్ ఫీజు 30 వేలు, నెలకు 2 వేల చొప్పున పది నెలల ఖర్చులు కలిపి పెట్టిన 50 వేల దగ్గరే ఆగింది.

కౌన్సెలింగ్‌లో ఎవరూ ముందుగా చెప్పని విషయం ఏమిటంటే, ప్రగతి తీసుకునే విద్యార్థిని కేంద్రం గానీ రాష్ట్రం గానీ ఇచ్చే మరో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. అంటే ఎంచుకోవాలి. పూర్తి ఫీజు వచ్చే ఎస్సీ, ఎస్టీ అమ్మాయికి, 10 వేల లోపు ర్యాంకు ఉన్న బీసీ అమ్మాయికి, ఖరీదైన కళాశాలలో సీటు వస్తే రాష్ట్ర పథకమే మేలు. ర్యాంకు గీత దాటి 35 వేలే వచ్చే అమ్మాయికి ప్రగతి దొరికితే ఏటా 15 వేలు ఎక్కువ. పైన చెప్పిన 1,20,000 ఫీజు ఉదాహరణలో ఇంటి భారం నాలుగేళ్లకు 3,40,000 నుంచి 2,80,000కు తగ్గుతుంది. పైగా సొమ్ము టోకెన్ల వరుసలో పడదు. కానీ ఒక ఏడాది డిటెయిన్ అయితే (పై ఏడాదికి వెళ్లకుండా ఆగిపోతే) ప్రగతి పూర్తిగా పోతుంది. మొదటి ఏడాది గణితం, ఫిజిక్స్ సబ్జెక్టుల్లో క్రెడిట్లు తగ్గే ప్రమాదం ఉన్నవారు ఇది ముందే తూచుకోవాలి.

దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా చిన్న కారణాలకే. ఈపాస్ పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన ఏడాది, పుట్టిన తేదీతో వివరాలు లాగుతుంది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే అక్కడే ఆగుతుంది. మెమో మార్చడం కష్టం కాబట్టి, ఆధార్‌నే మెమోకు సరిపోయేలా పదో తరగతి ఫలితాలు రాగానే దిద్దించుకోవాలి. బ్యాంకులో ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాకు వెళ్లాలో ఆధార్‌కు ముడివేసే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు. కుటుంబం రెండు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చి ఉంటే, చివరగా మ్యాప్ అయిన ఖాతాకే సొమ్ము వెళ్తుంది. కేవైసీ పూర్తిగా లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో నిల్వ 50 వేలు దాటకూడదు. అందులో ఇప్పటికే కొంత సొమ్ము ఉంటే 50 వేల ప్రగతి వెనక్కి పోతుంది. బ్యాంకుకు వెళ్లి దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించుకోవాలి. ప్రగతికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కళాశాల నోడల్ అధికారి మొదటి దశలో ఆమోదించకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. గడువు ముగిసే వారంలో ఆ అధికారి లాగిన్ దగ్గర దరఖాస్తులు గుట్టలుగా పడతాయి కనుక, ఆన్‌లైన్‌లో పంపిన మర్నాడే ప్రింటు తీసుకెళ్లి ఇవ్వడం మంచిది. ఇక మేనేజ్‌మెంట్ కోటా సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ రాదు. హాజరు 75 శాతం తగ్గినా రాదు.

హైస్కూలు దాటుతున్న అమ్మాయికి ఇంకో రెండు దారులున్నాయి. పదో తరగతి మార్కులతో ఆర్‌జీయూకేటీలో (ట్రిపుల్ ఐటీ) ఆరేళ్ల కోర్సు: నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలు 2008లో గ్రామీణ విద్యార్థులను దృష్టిలో పెట్టుకునే మొదలయ్యాయి. రెండోది, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరడం. ఈ దారిలో ప్రగతికి డిప్లొమాలో ఒకసారి, డిగ్రీలో మరోసారి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్ కార్పొరేట్ కళాశాల ఖర్చు కూడా మిగులుతుంది.

2025లో యాజమాన్యాలకూ ప్రభుత్వానికీ మధ్య సాగిన బేరం పాత టోకెన్ల విడుదల మీద, పెంచబోయే ఫీజుల మీద. తెలంగాణలో 35 వేల పరిమితిని పెంచడం గానీ, మహిళా కోటాలో సీటు వచ్చిన అమ్మాయికి 10 వేల ర్యాంకు షరతు తీసేయడం గానీ ఆ బేరంలో పెద్దగా వినిపించలేదు. కళాశాలలు కోరినట్టు ఫీజులు పెరిగి ఈ రెండూ ఇలాగే ఉంటే, పెరిగిన ప్రతి రూపాయీ నేరుగా ఆ అమ్మాయి ఇంటి మీదే పడుతుంది.