ఎన్ఎస్ఎస్ శిబిరం, జాతర డ్యూటీ, తొలి రైలు ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా కూడా పనిచేస్తున్నాను. కొత్త వాలంటీర్లను చేర్చుకునే రోజుల్లో పిల్లలు అడిగేవీ, ఆ తర్వాత వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేవీ ఏటా దాదాపు ఒకటే ప్రశ్నలు. ఆ భయాల్ని నేను కొట్టిపారేయను. వాటికి ఆధారంగా చెప్పుకునే మాటలే చాలావరకు తప్పు. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది: తాను రాకపోతే ఆగిపోయే పని ఒకటి చేతిలో పడ్డ రోజున పిల్లలు ఎదగడం మొదలుపెడతారు. ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ ఎదుగుదల రావడం నేను చూడలేదు.

అపోహ: ఎన్ఎస్ఎస్‌లో చేరితే చదువు పాడవుతుంది.

వాస్తవం: ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు. అందులో 20 గంటలు అవగాహన తరగతులు, 30 గంటలు కాలేజీ ఆవరణలో పని, 70 గంటలు ఊళ్లో పని. వారానికి లెక్కేస్తే రెండున్నర గంటలు కూడా రావు. దీనికి తోడు కాలేజీ దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అది కూడా ఎక్కువగా సెలవుల్లోనే పెడతాం. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మొదలైనప్పటి నుంచీ ఇది చదువుకునే పిల్లల కోసం, చదువుతో పాటే సాగేలా పెట్టినది. పరీక్షల ముందు పిల్లల్ని పనికి పిలిచే ప్రోగ్రామ్ ఆఫీసర్ ఎవరైనా ఉంటే, నిలబడి అడగండి.

అపోహ: ఇది మాటకారుల కోసం. సిగ్గరులకు, తెలుగు మీడియం వాళ్లకు కాదు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. నిజంగా లాభపడే పిల్లల్ని గడప దగ్గరే ఆపేస్తుంది.

శిబిరంలో మైకు పట్టుకునే పని రోజుకు ఓ గంట ఉంటుందేమో. మిగతా రోజంతా వేరే పనులే. తెల్లవారకముందే లేచి ప్రభాతభేరికి (పొద్దున్నే ఊళ్లో తిరిగే ఊరేగింపుకి) అందర్నీ లేపాలి. యాభై మందికి పూటకు ఏడెనిమిది కిలోల బియ్యం కొలిచి ఇవ్వాలి. కూరగాయలకు ఎంత ఖర్చయిందో పుస్తకంలో రాయాలి. శ్రమదానానికి పారలు, గమేళాలు పంచాయతీ నుంచి తెచ్చి, సాయంత్రం లెక్క చూసి అప్పజెప్పాలి. మెడికల్ క్యాంపు రోజున వచ్చిన ముసలివాళ్లకు చీటీ రాసి కుర్చీ చూపించాలి. వీటిలో దేనికీ గొంతు పెద్దదై ఉండనక్కర్లేదు. లెక్క తప్పకపోతే చాలు.

క్లాసులో పేరు పిలిస్తే తల దించుకునే అమ్మాయికి నేను స్టోరు తాళాలు ఇస్తాను. మొదటిరోజు వంటమనిషి వచ్చి "అమ్మా, పప్పు ఇయ్యి" అంటే నావైపు చూస్తుంది. మూడోరోజుకి "నిన్న మిగిలింది కదా, ముందు అది వాడండి" అని తనే చెబుతుంది. ఆ అమ్మాయికి వ్యక్తిత్వ వికాసం గురించి ఎవరూ క్లాసు పీకలేదు. యాభై మంది ఆకలి ఆమె తాళంచెవి మీద ఆధారపడింది, అంతే. అందుకే తోటి ప్రోగ్రామ్ ఆఫీసర్లకు నేను చెప్పే మాట: పనులు పంచేటప్పుడు చురుకైన నలుగురికే అన్నీ అప్పగించకండి. శిబిరం సాఫీగా నడుస్తుంది కానీ మిగతా నలభై ఆరుగురు ప్రేక్షకులుగా వచ్చి ప్రేక్షకులుగా వెళ్లిపోతారు.

అపోహ: మనం వెళ్లి పల్లెవాళ్లకు నేర్పుతాం.

వాస్తవం: ఈ ఆలోచనతో బస్సు దిగిన బ్యాచ్‌కి మొదటి రెండు రోజులూ కష్టంగా గడుస్తాయి.

ఉద్దానం సంగతే తీసుకోండి. పలాస, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను తినేసింది. దానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి ఊరికి వెళ్లి "నీళ్లు కాచి తాగండి" అని నినాదాలిస్తే ఏమవుతుంది? తన క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతో, ఏ నెలలో పెరిగిందో నోటిలెక్కగా చెప్పగలిగే రైతు అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఆయనకు మన నినాదంతో పనిలేదు. డయాలిసిస్ పింఛను దరఖాస్తులో ఏ కాగితం తగ్గిందో చూసి చెప్పేవాళ్లు కావాలి. ఆస్పత్రి చీటీ మీద రాసింది చదివిపెట్టేవాళ్లు కావాలి.

కాబట్టి మా పిల్లలకు ఇంటింటి సర్వే నేర్పేటప్పుడు మొదటి నియమం ఇది: ఫారం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి అడగొద్దు. కూర్చోమంటే కూర్చోండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు ముందు మీరు జవాబు చెప్పండి. "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకు?" అని తప్పకుండా అడుగుతారు. అది అయ్యాకే ఫారం తీయాలి. సర్వే అయిపోయాక, ఏ ఇంట్లో ఏం చెబుతామని మాట ఇచ్చామో ఆ జాబితా పట్టుకుని మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి. రెండోసారి వెళ్లడంలోనే అసలు చదువు ఉంది. మొదటిసారి వెళ్లిన వాలంటీర్లను ఊరు చాలామందినే చూసి ఉంటుంది.

తుపాను సాయంలోనూ ఇదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. మోటార్లు ఆడకపోతే నీళ్లుండవు. అలాంటప్పుడు కావలసింది తాగునీరు, కొవ్వొత్తులు, టార్పాలిన్లు, దోమతెరలు, దారికి అడ్డంగా పడ్డ చెట్లను కొట్టే రంపాలు. ఏ విపత్తులోనైనా మనసున్న జనం ముందుగా పంపేది మాత్రం పాత బట్టల మూటలు. పంపేవాళ్ల మంచితనాన్ని నేను తప్పుపట్టను. కానీ వాటిని విడదీసి, పంచి, మిగిలినవి ఎక్కడ పెట్టాలో తెలియక వాలంటీర్ల రోజులు పోతాయి. బయల్దేరే ముందు సర్పంచికో, సచివాలయం సిబ్బందికో ఒక ఫోన్ చేసి "మీకేం కావాలి, ఎంతమందికి కావాలి" అని అడగడం నేర్చుకున్న కుర్రాడు, నా దృష్టిలో పెద్ద పాఠమే నేర్చుకున్నట్టు.

అపోహ: రక్తదానం చేస్తే నీరసం పట్టుకుంటుంది, ఆడపిల్లలు అసలు ఇవ్వకూడదు.

వాస్తవం: 18 ఏళ్లు నిండి, బరువు 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. నెలసరి రోజుల్లో ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. సాధారణంగా తీసుకునేది 350 మిల్లీలీటర్లు. అందులో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి సమకూరుతుంది. ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది. ఖాళీ కడుపుతో రాకండి, ముందురోజు రాత్రి సరిగా నిద్రపోండి.

శిబిరంలో చాలామంది అమ్మాయిలు హిమోగ్లోబిన్ పరీక్ష దగ్గరే ఆగిపోతారు. కళ్లనీళ్లు పెట్టుకుంటారు కూడా. వాళ్ల పక్కన కూర్చుని నేను చెప్పేది ఒకటే: తల్లీ, నీకు రక్తం తక్కువని ఈరోజు తెలిసింది, ఇంతవరకు ఎవరూ చూడలేదు. రేపు పీహెచ్‌సీకి వెళ్దాం. ఇచ్చిన సీసాతో సమానంగా ఈ సంగతి కూడా నాకు ముఖ్యం.

అపోహ: జాతరలో వాలంటీర్ అంటే త్వరగా దర్శనం దొరకడం.

వాస్తవం: రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే సూర్యనారాయణ స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది. మాఘమాసపు చలిలో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం గంటల తరబడి క్యూలో ఉంటారు. (మా ఎన్ఎస్ఎస్ బ్యాడ్జి మీది చక్రం కూడా కోణార్క సూర్యదేవాలయపు రథచక్రమే. ఆ బ్యాడ్జి పెట్టుకుని సూర్యుడి గుడి ముందు నిలబడటం మా పిల్లలకు ఇష్టం.) వాలంటీరుకు పడే పని: మంచినీళ్లు, మజ్జిగ అందించడం, ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లుల్ని గుర్తుపట్టి వాళ్ల వరుసకు పంపడం, తప్పిపోయిన పిల్లల్ని ప్రకటన కేంద్రానికి చేర్చడం.

తోపులాటలో గొంతు పెంచితే జనం ఇంకా బెదురుతారు. "మామ్మా, ఇటు రా, ఇక్కడ నీడ ఉంది" అని మెల్లగా చెప్పి చెయ్యి పట్టుకుంటే పక్కనున్న పదిమందీ నెమ్మదిస్తారు. ఇంట్లో నాన్నమ్మతో రెండు మాటలు మాట్లాడని పిల్లలు ఆ రోజు పరాయి ముసలమ్మల చేతులు పట్టుకుని మెట్లెక్కిస్తారు. తప్పిపోయిన బిడ్డ ఏడుస్తుంటే ముందుగా పేరు అడగకండి, నీళ్లివ్వండి. ఏడుపు తగ్గాక చెబుతాడు. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు నా మనవి కూడా ఒకటి: బిడ్డ అరచేతి మీదో, జేబులో చీటీ మీదో మీ ఫోన్ నంబరు రాసి పెట్టండి.

అపోహ: హిందీ, ఇంగ్లిష్ రాకుండా వేరే రాష్ట్రంలో శిబిరానికి ఎలా వెళ్తారు? అందులోనూ ఆడపిల్లని ఎలా పంపడం?

వాస్తవం: జాతీయ సమైక్యతా శిబిరాలకు వెళ్లే పిల్లల్లో చాలామందికి అదే మొదటి దూరప్రయాణం. అమ్మాయిలున్న బృందం వెంట మహిళా ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉన్నారా, బస ఎక్కడ, అక్కడి బాధ్యుల ఫోన్ నంబరు ఏమిటి, ఈ మూడూ అడగడం మీ హక్కు. రాతపూర్వకంగా అడగండి. సమాధానం సరిగా రాకపోతే పంపొద్దని నేనే చెబుతాను. వచ్చిందా, ఇక వెనకడుగు వెయ్యకండి.

టికెట్ గురించి: రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు ఉండేది, పెద్దవాళ్లు ఇంకా అదే చెబుతుంటారు. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ చార్టు వేసేసరికి పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది, ఎక్కకూడదు. ఆర్ఏసీ అయితే ఎక్కొచ్చు, కూర్చోవడానికి చోటు ఉంటుంది. మధ్య బెర్తు ఎత్తి వేసుకునేది రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. ఇబ్బంది వస్తే 139కి ఫోన్ చేయాలి. ఆమదాలవలస స్టేషన్‌లో ఎక్కించేటప్పుడు ఇవన్నీ గబగబా చెబితే బుర్రకెక్కవు. వారం ముందే పిల్లల చేతే టికెట్ చదివించి, కోచ్, బెర్తు వాళ్లనే వెతకమనాలి.

భాష సంగతి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి ఒడియా వచ్చు. కాలేజీలో దాని గురించి ఎత్తరు కూడా. ఒడిశా బృందంతో ఒకే గదిలో పడ్డ రోజున వాళ్లే అందరికీ దుబాసీలు. సాయంత్రం ప్రతి రాష్ట్రం తమ కళ చూపించాలి. మావాళ్లు మొదట సినిమా పాటకు స్టెప్పులేద్దామంటారు. నేను ఒప్పుకోను. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు కట్టండి, గుండె మీద రేకు తప్పెట మోగాలి అంటాను. గొల్ల కళాకారుల ఇంటి అబ్బాయి బృందంలో ఉంటే ఇక చూడక్కర్లేదు. మరుసటి రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర ఇతర రాష్ట్రాల పిల్లలు అతన్ని చుట్టుముట్టి అడుగులు నేర్పమంటారు. అతనికి హిందీ రాదు. కాళ్లతోనే నేర్పుతాడు.

అపోహ: ఒక్క శిబిరంతో మనిషి మారిపోతాడు.

వాస్తవం: మారడు. శిబిరం ముగింపు రోజు కన్నీళ్లూ, సెల్ఫీలూ నిజమే. నెల తిరిగేసరికి చాలావరకు ఆరిపోతాయి. మార్పు నిలబడేది తిరిగి వచ్చాక చేతిలో ఏదో ఒక పని మిగిలినవాళ్లలోనే: దత్తత గ్రామంలో ఆదివారం ట్యూషన్, బ్లడ్ బ్యాంకు వాళ్లకు దాతల జాబితా చూసిపెట్టడం, ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం. అందుకని శిబిరం అయిన పదిరోజుల్లోపే ప్రతి వాలంటీరుకూ ఒక చిన్న పని, ఒక రోజు, ఒక మనిషి పేరు రాసి ఇస్తాను. ఆ మనిషి నాకు ఫోన్ చేసి "మేడమ్, మీ అమ్మాయి ఈ వారం రాలేదేం?" అని అడగాలి.

కాలేజీ దాటినవాళ్లకు కూడా దారి ఉంది. 2023 అక్టోబరు 31న కేంద్రం మొదలుపెట్టిన మై భారత్ ఆన్‌లైన్ వేదికలో 15 నుంచి 29 ఏళ్లవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. అంతకన్నా పెద్దవాళ్లైతే దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరుగారిని కలవండి. వెళ్లేటప్పుడు, వారంలో ఏ రోజు ఏ గంట కచ్చితంగా రాగలరో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే.