పీఆర్ కార్డుతో పాటు వచ్చే పిలుపు

పోయిన నెలలో ఒక సాయంత్రం మా వీధి అయ్యవారు నడక మధ్యలోనే ఆపేసి మా ఇంటికి వచ్చారు. ఆయన హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కూతురు, అల్లుడు సింగపూర్‌లో ఉంటారు. మనవడికి పన్నెండేళ్ళు నిండాయి. వాణ్ణి తిరుపతిలో తన దగ్గరే ఉంచుకుని టెన్త్, ఇంటర్ చదివించాలని ఆయన కోరిక. కూతురు పంపిన జవాబును ఫోన్‌లో చూపించారు. "నాన్నా, పదమూడు దాటాక వాణ్ణి ఎక్కువ కాలం దేశం బయట ఉంచాలంటే పర్మిట్ తీసుకోవాలి, బాండ్ కట్టాలి. పద్దెనిమిదికి ఆర్మీకి పోవాలి" అని ఉంది. అయ్యవారు నన్ను అడిగింది ఒకటే.

"వాడిది ఇండియా పాస్‌పోర్టే కదా నాయనా. వాళ్ళ సైన్యంలోకి వీడెందుకు పోవాలి?"

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇళ్ళలో పిల్లలు విదేశాల్లో స్థిరపడే కొద్దీ ఈ ప్రశ్న ఎవరో ఒకరికి ఎదురవుతూనే ఉంటుంది. మన దగ్గర సైన్యం అంటే ఉద్యోగం. తెల్లవారకముందే గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళను చూస్తూ పెరిగాం. అగ్నివీర్‌కు సెలెక్ట్ అయితే ఊరంతా సంతోషిస్తుంది. కొన్ని దేశాల్లో మాత్రం అది కోరుకుని తెచ్చుకునే కొలువు కాదు, మగపిల్లవాడు పుట్టుకతోనో పర్మనెంట్ రెసిడెన్సీతోనో (పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కుతోనో) దేశానికి పడే బాకీ. ఆ బాకీని వాయిదా వేయవచ్చా, మాఫీ చేయించుకోవచ్చా, డబ్బు కట్టి తీర్చవచ్చా అనే మూడు ప్రశ్నల చుట్టూనే ఈ చట్టాల చరిత్ర అంతా నడిచింది.

తిరుపతి వాళ్ళకు ఈ తేడా చెప్పడం తేలిక. కొండకు మొక్కుకున్నప్పుడు ముడుపు కట్టి హుండీలో వేస్తే తీరే మొక్కు ఒకటి. తలనీలాలు, అంగప్రదక్షిణ వేరు. వాటికి మనిషే రావాలి. సైనిక సేవ ఈ రెండింటిలో ఏ రకం మొక్కు అన్నదాని మీద దేశాలు రెండు వందల ఏళ్ళకు పైగా తర్జనభర్జన పడుతున్నాయి.

పాత రోజుల్లో మన సీమలోనూ సైనిక బాధ్యత ఉండేది. విజయనగర రాజుల అమరనాయంకర పద్ధతిలో నాయకుడికి భూమి ఇస్తే, దానికి లెక్కగా అతను రాజుకు బలగాన్ని పంపాలి. తర్వాత పాలెగాళ్ళ దగ్గర కట్టుబడి బంట్రోతులు ఈనాం భూమి తిని, పిలిచినప్పుడు ఆయుధం పట్టేవాళ్ళు. అయితే ఆ బాధ్యత భూమితో ముడిపడింది. భూమి లేనివాడికి పిలుపు లేదు. పౌరుడు కాబట్టి ప్రతి యువకుడూ రావాలన్న ఆలోచన ఫ్రెంచి విప్లవంతో వచ్చింది. 1793 ఆగస్టులో దేశమంతా యుద్ధానికి లేవాలని అక్కడి ప్రభుత్వం పిలుపిచ్చింది. 1798లో జూర్దాన్ చట్టం ఇరవై నుంచి ఇరవై ఐదేళ్ళ మగవాళ్ళను జాబితాకెక్కించింది. ఆ తర్వాత ఎంతో కాలం అక్కడ చీట్లు తీసి ఎంపిక చేసేవాళ్ళు. చీటీలో పేరు వచ్చిన ధనికుడు తన బదులు మరొకణ్ణి డబ్బిచ్చి పంపవచ్చు. జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఘోరంగా ఓడాక 1872లో గానీ ఆ వెసులుబాటును రద్దు చేయలేదు.

డబ్బుతో తప్పించుకోవడం జనానికి ఎంత మంట పుట్టిస్తుందో అమెరికా అంతర్యుద్ధం చూపించింది. 1863 మార్చిలో ఉత్తరాది ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం పిలుపు వచ్చినవాడు 300 డాలర్లు కడితే చాలు, లేదా ప్రత్యామ్నాయంగా ఇంకో మనిషిని పంపవచ్చు. 300 డాలర్లంటే అప్పట్లో ఒక కూలి మనిషికి దాదాపు ఏడాది రాబడి. యుద్ధం ధనికులది, చావు పేదలది అనే మాట వీధుల్లో పుట్టింది. జూలైలో న్యూయార్క్‌లో నాలుగు రోజులు అల్లర్లు జరిగి వందమందికి పైగా చనిపోయారు. ఆ కోపం చట్టం చేసినవాళ్ళ మీద కన్నా నగరంలోని నల్లజాతి వాళ్ళ మీదే ఎక్కువగా విరుచుకుపడింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం అదే. చట్టంలోని అన్యాయానికి దానితో ఏ సంబంధమూ లేనివాళ్ళు బలయ్యారు. మరుసటి ఏడాదే 300 డాలర్ల దారిని దాదాపు అందరికీ మూసేశారు. మనిషిని పంపే దారి మాత్రం మిగిలింది. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన గ్రోవర్ క్లీవ్‌లాండ్ కూడా ఆ యుద్ధానికి తన బదులు వేరొకరినే పంపారు.

మనం రోజూ వాడే 'బదులు' అనే మాట ఉర్దూ మీదుగా వచ్చింది, దాని మూలం అరబీ 'బదల్'. టర్కీ కేంద్రంగా ఉన్న ఒట్టోమన్ సామ్రాజ్యంలో ముస్లిమేతరులు సైన్యానికి బదులు కట్టిన పన్ను పేరులోనూ ఆ మాటే ఉంది. 1909లో ఆ పన్ను పోయి వాళ్ళకూ సేవ తప్పనిసరి అయింది. మాట మాత్రం నిలిచిపోయింది. లక్షలాది టర్కీ కార్మికులు జర్మనీ ఫ్యాక్టరీల్లో పనిచేస్తుండగా, 1980లో టర్కీ వాళ్ళకోసం ప్రత్యేక వెసులుబాటు తెచ్చింది. విదేశంలో పనిచేసేవాడు విదేశీ కరెన్సీలో సొమ్ము కట్టి, కొద్దిపాటి శిక్షణతో బయటపడవచ్చు. ఏడాదిన్నర సైన్యంలో గడిపితే ఫ్యాక్టరీ ఉద్యోగం పోతుందని కార్మికుడి భయం, డాలర్లు, జర్మన్ మార్కులు కావాలన్నది ప్రభుత్వ అవసరం. రెండూ అక్కడ కలిశాయి. 2019లో వచ్చిన కొత్త చట్టం మామూలు సేవను పన్నెండు నెలల నుంచి ఆరు నెలలకు తగ్గించి, డబ్బు కట్టే దారిని దేశంలో ఉన్నవాళ్ళకూ శాశ్వతం చేసింది.

సిరియాలో ఇదే పద్ధతి క్రూరంగా మారింది. అంతర్యుద్ధంలో ప్రాణభయంతో పారిపోయిన యువకుల నుంచి, బయట ఎన్నేళ్ళున్నారో లెక్కగట్టి 7,000 నుంచి 10,000 డాలర్ల దాకా అడిగారు. కట్టకపోతే ఇంటికి తిరిగివెళ్ళే దారి మూసుకుపోయినట్టే. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలాక కొత్త పాలకులు నిర్బంధ సేవనే ఎత్తేశారు. స్విట్జర్లాండ్ వైఖరి వేరు. అక్కడ సేవ చేయని మగవాళ్ళు ఆదాయంలో 3 శాతం ప్రత్యేక పన్నుగా కడతారు. ఉన్నవాడి దగ్గర ఎక్కువ, లేనివాడి దగ్గర తక్కువ. డబ్బు దారుల్లో నాకు కాస్త సబబుగా అనిపించేది అదొక్కటే.

ఇక అయ్యవారి మనవడి సంగతి. సింగపూర్ 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయేనాటికి దాని చేతిలో ఉన్న పదాతిదళ బెటాలియన్లు రెండే. చుట్టూ పెద్ద దేశాలు, కాపలాగా ఉన్న బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోయే ఆలోచనలో ఉంది. జీతాలిచ్చి పెద్ద సైన్యాన్ని పోషించే స్తోమత ఆ చిన్న దేశానికి లేదు. రక్షణ మంత్రి గో కెంగ్ స్వీ తెచ్చిన నిర్బంధ సైనిక సేవ బిల్లు 1967 మార్చి 14న పార్లమెంటులో పాసైంది. అంతకు ముందు 1954లో బ్రిటిష్ వాళ్ళు ఇలాంటి చట్టం పెడితే చైనీస్ స్కూళ్ళ విద్యార్థులు వీధుల్లోకి వచ్చి పోలీసులతో తలపడ్డారు. పరాయి ప్రభుత్వం కోసం తుపాకీ ఎందుకు పట్టాలన్నది వాళ్ళ మాట. పదమూడేళ్ళ తర్వాత అదే పని సొంత ప్రభుత్వం అడగాల్సి వచ్చింది. అందుకే మొదటి నుంచీ ఒక నియమాన్ని గట్టిగా పట్టుకున్నారు. మంత్రి కొడుకైనా, టాక్సీ డ్రైవరు కొడుకైనా అందరికీ ఒకే కొలత. డబ్బు కట్టి తప్పించుకునే దారి అసలు పెట్టలేదు.

అక్కడి చట్టంలో పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది లెక్కలోకి రాదు. ఉద్యోగం మీద వెళ్ళి పీఆర్ తీసుకున్న తండ్రికి మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ మీద పీఆర్ పొందిన కొడుకును మాత్రం రెండో తరం పీఆర్ అంటారు, అతనికి సేవ తప్పదు. పదహారున్నర ఏళ్ళకు పేరు నమోదు, పద్దెనిమిదికి పిలుపు, రెండేళ్ళ పూర్తికాలపు సేవ. తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఏటా కొన్ని రోజులు రిజర్వు శిక్షణకు పోవాలి. జూనియర్ కాలేజీ, పాలిటెక్నిక్ చదువు పూర్తయ్యే వరకు వాయిదా ఇస్తారు. యూనివర్సిటీ సీటు వచ్చిందంటే మాత్రం మామూలుగా వాయిదా దొరకదు. సీటును అట్టే పెట్టించుకుని ముందు సేవ చేసిరావాలి. ఆటగాళ్ళకు ఇచ్చే వాయిదాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్ వాళ్ళలో ఒకరు. ఆయన కూడా తర్వాత యూనిఫాం వేసుకున్నారు.

బాండ్ విషయంలో చాలామంది పొరబడతారు. కుర్రాణ్ణి ఎక్కువ కాలం విదేశంలో ఉంచేందుకు కట్టే ఆ బాండ్ 75,000 సింగపూర్ డాలర్ల నుంచి మొదలవుతుంది, తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని వదులుకుంటే సేవ తప్పుతుందని అనుకోవద్దు. సొమ్ము పోతుంది, బాకీ అలాగే ఉంటుంది. సింగపూర్‌లో పుట్టిన పియానో కళాకారుడు మెల్విన్ టాన్ చిన్నప్పుడే ఇంగ్లండుకు చదువుకు వెళ్ళి, సేవకు రాకుండా అక్కడే ఉండిపోయారు. 2005లో ఆయనకు 5,000 డాలర్ల జరిమానా వేసి వదిలేశారని తెలిసి, కొడుకులను పంపిన తల్లిదండ్రులు భగ్గుమన్నారు. ఆ గొడవ తర్వాతే జరిమానా పరిమితి 10,000 డాలర్లకు పెరిగింది. మూడేళ్ళ వరకు జైలు కూడా పడవచ్చు. సేవ చేయకుండా పీఆర్ వదులుకుంటే, తర్వాత అక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు అది ఆ కుర్రాడికి అడ్డొస్తుంది.

ఇదంతా కఠినమే. అయినా డబ్బున్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒక న్యాయం లేకపోవడాన్ని నేను గౌరవిస్తాను. నా మనసు ఒప్పుకోనిది వేరే ఉంది. పిల్లవాడికి నాలుగైదేళ్ళప్పుడు పీఆర్ ఫారం నింపేది తల్లిదండ్రులు. పద్నాలుగేళ్ళ తర్వాత బూట్లు తొడుక్కోవాల్సింది వాడు. నింపే ముందు ఆ సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తాతలు, అవ్వలు కూడా.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు కంగారు పడనక్కర్లేదు గానీ ఒక సంగతి తెలుసుకోవాలి. అక్కడ డ్రాఫ్ట్, అంటే సైన్యంలోకి నిర్బంధంగా పిలవడం, 1973లో ఆగింది. వియత్నాం యుద్ధకాలంలో కాలేజీలో ఉన్నవాడికి వాయిదా దొరికేది, కాలేజీ మొహం చూడనివాడు యుద్ధానికి పోయేవాడు. ఆ విమర్శ పెరిగాక 1969 డిసెంబరులో పుట్టిన తేదీలతో చీట్లు తీశారు. కెనడాకు, ఇతర చోట్లకు వెళ్ళిపోయినవాళ్ళకు 1977లో అధ్యక్షుడు కార్టర్ క్షమాభిక్ష ఇచ్చారు. 1980లో మళ్ళీ ఆయనే పేర్ల నమోదును మొదలుపెట్టారు, అది నేటికీ ఉంది. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ళ మధ్య మగవాళ్ళందరికీ వర్తిస్తుంది, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కూడా. ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (ఉద్యోగి కుటుంబం) వీసాల మీద సక్రమంగా ఉన్నంతకాలం అక్కర్లేదు. అయితే హెచ్-4 మీద ఉన్న కుర్రాడికి ఇరవై ఆరు నిండకముందే గ్రీన్ కార్డు వస్తే నమోదు బాధ్యత మొదలవుతుంది. మర్చిపోతే సిటిజన్‌షిప్ దరఖాస్తు సమయంలో టెన్షన్.

మన దేశంలో భారతీయులకు నిర్బంధ సైనిక సేవ చట్టం ఎప్పుడూ అమలు కాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1917లో వచ్చిన చట్టం నిర్బంధం పెట్టింది ఇక్కడున్న యూరోపియన్ బ్రిటిష్ పౌరులకే. రెండో యుద్ధంలో మన సైన్యం 25 లక్షలు దాటింది, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్ళే. ఆకలికి చేరినవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారన్నది కూడా మరువకూడదు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. అదే అధికరణం రెండో క్లాజు మాత్రం ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ విధించవచ్చని చెబుతూ, అందులో మతం, జాతి, కులం, వర్గం తేడా చూపకూడదని షరతు పెట్టింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు, 1968 నాటికి సడలించారు. అయ్యవారు ఆ రోజుల్లో ఖాకీ నిక్కరుతో కవాతు చేసినవారే.

ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. సింగపూర్ సైన్యంలో చేస్తే మనవడి భారత పౌరసత్వం పోతుందేమోనని. పీఆర్ అనేది పౌరసత్వం కాదు. మన 1955 చట్టం ప్రకారం మరో దేశపు పౌరసత్వాన్ని ఇష్టపడి తీసుకుంటే మనది పోతుంది, సేవ చేసినంత మాత్రాన పోదు. చిక్కు తర్వాత వస్తుంది. వాడు పెద్దయ్యాక అక్కడి పౌరుడై ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) అడిగితే, విదేశీ సైన్యంలో చేసినవాళ్ళకు ఆ కార్డు ఇవ్వరాదన్న నిబంధన ఎదురుగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని భారతీయ సంతతి వాళ్ళు దీనిమీద ఎన్నాళ్ళో మొరపెట్టుకున్నారు. అక్కడ తప్పనిసరి సేవ చేసినవాళ్ళకూ ఓసీఐ ఇస్తామని 2017 జూలైలో టెల్ అవీవ్‌లో ప్రధాని మోదీ ప్రకటించారు. అందుకే అటువైపు అడుగు వేసేముందు భారత హైకమిషన్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమని కూతురికి చెప్పమన్నాను.

అయ్యవారు అన్నీ విని, గోడమీద క్యాలెండరు వైపు తిరిగి వేళ్ళతో లెక్క వేశారు. మనవడి సేవ పూర్తయ్యేనాటికి ఆయనకు ఎనభై దాటుతాయి. రాత్రికి వాడితోనే వీడియో కాల్‌లో మాట్లాడతానని లేచారు. ఇంతవరకూ వాణ్ణి ఎవరూ అడగలేదట.