ముట్టు రాకుండానే మళ్లీ కడుపు

"ఇంకా ముట్టే రాలేదు, అప్పుడే కడుపేంది?" చంకలో ఏడాది నిండని బిడ్డతో వచ్చిన తల్లి ఇలా అడగడం వరంగల్ పల్లెల్లో వింతేమీ కాదు. కాన్పు తర్వాత చాలాసార్లు ముందు అండం విడుదలవుతుంది, ఆ తర్వాత రెండు వారాలకు ముట్టు వస్తుంది. ఆ తొలి అండమే నిలిస్తే ముట్టు కనిపించదు. పాలివ్వని తల్లికైతే నాలుగో వారానికే ఆ అవకాశం ఉంటుంది.

పాలిచ్చే తల్లికి కొంత రక్షణ ఉన్న మాట నిజమే. బిడ్డ రొమ్ము చీకుతున్నంత కాలం మెదడు నుంచి అండాశయానికి వెళ్లే హార్మోన్ సంకేతాలు మందగిస్తాయి. ఆరు నెలలలోపు బిడ్డ, పూర్తిగా తల్లిపాలే, ముట్టు రాకపోవడం: మూడూ కలిస్తే రక్షణ 98 శాతం. కానీ మన ఎండల్లో గొంతు ఎండుతుందని పసిదానికి చెంచాతో నీళ్లు పోస్తాం, ఏడిస్తే గ్రైప్ వాటర్ పడతాం. ఆ మేరకు పాలు తాగడం తగ్గుతుంది, రక్షణా సడలుతుంది. ఈ సంగతి తల్లికి ఎవరూ చెప్పరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 68 శాతం వివాహిత స్త్రీలు ఏదో ఒక కుటుంబ నియంత్రణ పద్ధతిలో ఉన్నారు. మొత్తం వివాహిత స్త్రీలలో 62 శాతం దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అంటే పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ చేయించుకుంటున్నారు గానీ, ఇద్దరి మధ్య ఎడం కోసం వాడేవాళ్లు చాలా తక్కువ. నన్ను బాధపెట్టేది ఇదే. కాన్పయ్యాక కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అదే సర్వేలో మన దగ్గర 60 శాతం కాన్పులు సిజేరియన్లే. కుట్లు గట్టిపడకముందే మళ్లీ కడుపైతే గర్భసంచి చిట్లే ముప్పు పెరుగుతుంది.

ఎందుకు వాడరు? తొలి కాన్పుకు అమ్మాయి తల్లిగారింట్లో ఉంటుంది. "భర్త దగ్గర లేడు కదా, మందెందుకు" అంటారు. ఆయన తొట్టెలకో పండక్కో వస్తాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపైతే గల్ఫ్ నుంచి సెలవు మీద దిగుతాడు. పైగా అత్తగారి ఊరి ఆశా కార్యకర్త ఆమెను చూడదు, పుట్టింటి ఊరి కార్యకర్త జాబితాలో ఆమె పేరుండదు. తొలిచూలు ఆడపిల్లయితే "ఒక మగపిల్లోడు పుట్టినంక చూద్దాం" అని అత్త తేల్చేస్తుంది.

మిగతాది భయం. కాపర్-టీ గుండెకు ఎక్కుతుందని ఇప్పటికీ నమ్ముతారు. అది గర్భసంచిలో ఉంచే మూడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, దానికి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ రాగి వీర్యకణాలను చురుకు లేకుండా చేస్తుంది. కొందరికి జారిపోవచ్చు, అరుదుగా గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు గానీ గుండెకు ఎక్కే దారి లేదు. మాయ పడిన పది నిమిషాల్లోనో, 48 గంటల్లోపో వేస్తారు. 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు తీయించుకున్నా మళ్లీ గర్భం వస్తుంది. కాకపోతే నొప్పులు పడుతున్న మనిషిని అడిగి సంతకం తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. ఏడో నెల చెకప్‌లోనే, భర్త పక్కనుండగా మాట్లాడాలి.

గర్భం రాకుండా ఇచ్చే హార్మోన్ సూది అంతర, మూడు నెలలకోసారి. పాలిచ్చే తల్లి ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చు. దీనితో ముట్టు క్రమం తప్పుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. ముందే చెప్పకపోతే చెడు రక్తం లోపలే పేరుకుంటోందని టెన్షన్ పడి రెండో డోసుకు రారు. హార్మోన్ లేని గర్భనిరోధక మాత్ర ఛాయను లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) తయారుచేసింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి.

ఆరు వారాలకు బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించడానికి తల్లి ఎలాగూ సబ్‌సెంటర్‌కు వస్తుంది. బిడ్డ తూకం చూస్తారు, కార్డు నింపుతారు, జ్వరం వస్తే ఏ మందు వేయాలో చెప్తారు. "నీ సంగతేంటమ్మా, మళ్లీ బిడ్డ ఎప్పుడు అనుకుంటున్నారు?" అని రెండు నిమిషాలు అడిగితే చాలు. అప్పుడు కుదరకపోతే పదో వారంలో, పద్నాలుగో వారంలో ఆమె మళ్లీ వస్తుంది. భర్త తోడుగా వస్తే అతన్నీ కూర్చోబెట్టాలి. కండోమ్‌కు ఏ వారమూ లెక్క అక్కర్లేదు, పాలమీదా దాని ప్రభావం ఉండదు.