సొంత కెర్నల్ రాసేవాళ్ళకి: ఫిజికల్ మెమరీ అపోహలు, వాస్తవాలు

మద్దిలపాలెంలో మా రూమ్‌కి ఆదివారాలు నలుగురైదుగురు కుర్రాళ్ళు వస్తుంటారు, అందరిదీ సొంత ఓఎస్, అంటే దాని గుండెకాయ లాంటి కెర్నల్, రాయాలన్న పిచ్చే, అందరూ ఆగిపోయేదీ ఒక్కచోటే. అలొకేటర్ (అడిగినవాళ్ళకి ఖాళీ మెమరీ పంచిచ్చే కోడ్) అల్గారిథమ్ గురించి రోజులు రోజులు చదువుతారు గానీ అసలు ఏ మెమరీ మనది, ఏది కాదు అన్న లెక్క సరిగా తియ్యరు. నేను చూసిన క్రాష్‌లలో ఎక్కువ అక్కడివే.

అపోహ: ర్యామ్ 4 జీబీ ఉంటే సున్నా నుంచి 4 జీబీ దాకా మనదే.

కాదండి. మధురవాడ వైపు లేఅవుట్లు చూసుంటారు కదా, మొత్తం ఎన్ని ఎకరాలున్నా మధ్యలో గెడ్డ పోతుంది, రోడ్లకి కొంత పోతుంది, అమ్మడానికి మిగిలేది వేరే లెక్క. పీసీలోనూ అంతే, 640 కేబీ నుంచి 1 ఎంబీ దాకా వీడియో మెమరీ, బయోస్ (మెషిన్ ఆన్ అవ్వగానే మొదట నడిచే ప్రోగ్రామ్) రోమ్ ఉంటాయి, 4 జీబీకి కాస్త కిందున్న అడ్రస్‌లు పీసీఐ డివైజ్‌లవి. మన లేఅవుట్ ప్లాన్ ఏంటంటే ఈ820 మ్యాప్ (ఏ అడ్రస్‌లు ర్యామ్‌వో, ఏవి కావో బయోస్ ఇచ్చే జాబితా), బయోస్ బదులు కొత్తరకం యూఈఎఫ్ఐ అయితే దాని మెమరీ మ్యాప్. ఈ820 ఎంట్రీలు వరసలో ఉంటాయని నమ్మొద్దు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కి కూడా ఉండొచ్చు.

అపోహ: మ్యాప్‌లో టైప్ 1 అని ఉందంటే ఖాళీ అని.

టైప్ 1 అంటే వాడుకోదగ్గ ర్యామ్ అని, ఖాళీ అని కాదు! మీ కెర్నల్ కూర్చున్నదీ అందులోనే, బూట్‌లోడర్ (కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రామ్) తెచ్చిన మాడ్యూల్స్, మల్టీబూట్ సమాచారం (బూట్‌లోడర్ కెర్నల్‌కి ఇచ్చే వివరాలు, మెమరీ మ్యాప్ కూడా ఇందులోదే), చివరికి మీ బిట్‌మ్యాప్ (ఒక్కో పేజీ, అంటే 4 కేబీ ముక్క, ఖాళీయో కాదో ఒక్కో బిట్‌లో రాసుకునే పట్టిక) కూడా అందులోనే ఉంటాయి. నా కెర్నల్ క్యూఈఎంయూలో (పీసీలా నటించే సాఫ్ట్‌వేర్) చక్కగా నడిచేది, పాత ల్యాప్‌టాప్ మీద మాత్రం దానంతటదే రీబూట్ అయిపోయేది, రెండు రాత్రులు వెతికితే తేలిందేంటంటే మల్టీబూట్ సమాచారం ఉన్న పేజీనే నా అలొకేటర్ పేజ్ టేబుల్‌కి (ప్రోగ్రామ్‌లు వాడే అడ్రస్‌లని ఫిజికల్ అడ్రస్‌లకి కలిపే పట్టిక) ఇచ్చేసింది, తర్వాత మళ్ళీ ఆ మ్యాప్ చదవబోతే అక్కడ చెత్త ఉంది. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే, మొదట అన్ని పేజీలూ వాడుకలో ఉన్నట్టు గుర్తు పెట్టేస్తా, టైప్ 1 ముక్కలు విడుదల చేస్తా, ఆ తర్వాత కెర్నల్, మాడ్యూల్స్, మిగతావీ మళ్ళీ మూసేస్తా. విడుదల చేసేటప్పుడు మొదలు పై పేజీకి, చివర కింది పేజీకి రౌండ్ చెయ్యాలి, తిరగేస్తే పక్కవాడి స్థలంలో గోడ కట్టినట్టే.

అపోహ: బిట్‌మ్యాప్ దండగ, మొదటి రోజు నుంచే బడ్డీ అలొకేటర్ (మెమరీ ముక్కల్ని సగానికి సగం విడగొడుతూ, ఖాళీ అయితే మళ్ళీ కలుపుతూ పంచేది) ఉండాలి.

4 కేబీ పేజీకి ఒక బిట్ చొప్పున 4 జీబీకి 10,48,576 బిట్లు, అంటే 128 కేబీ, అంతే. వెతకడం స్లో అనిపిస్తే కిందటిసారి దొరికిన చోటు గుర్తుపెట్టుకుని అక్కణ్ణుంచి మొదలెట్టండి. పక్కపక్క పేజీలు పెద్ద సంఖ్యలో తరచూ కావాల్సి వచ్చినప్పుడు బడ్డీ సంగతి చూడొచ్చు.

అపోహ: 128 ఎంబీతో క్యూఈఎంయూలో నడిచింది, పని అయిపోయింది.

5 జీబీ ఇచ్చి చూడండి, అప్పుడు 4 జీబీ పైనున్న ముక్క మ్యాప్‌లో కనబడుతుంది. ఎంట్రీలో అడ్రస్ 64 బిట్లు, దాన్ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టారనుకోండి, 4 జీబీ దగ్గర మొదలయ్యే ముక్క కాస్తా సున్నా దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది, అలొకేటర్ దాన్ని విడుదల చేసేస్తుంది, అందులో వీడియో మెమరీ కూడా ఉంటుంది.