వాడింటికి వెళ్ళింది ఎవరు?

ఫోనులో మైకు గుర్తు నొక్కి "వాడింటికి" అని ఒక్క క్షణం ఆగండి. తెర మీద ఏం పడాలి? "వాడు ఇంటికి" అనా, "వాడి ఇంటికి" అనా? చెవికి రెండూ ఒకటే. ఆ తర్వాత "వెళ్ళాడు" అంటే చాలావరకు మొదటిది, "వెళ్ళాను" అంటే రెండోది. క్రియ వినేదాకా ఎదుటి మనిషికే తెలియదు, ఇక యంత్రానికి ఎలా తెలుస్తుంది? నోటితో చెప్పి రాసేవాళ్ళకు ఇది అనుభవమే: అప్పటికే తెర మీద పడిన మాట, వాక్యం పూర్తయ్యేసరికి ఉన్నట్టుండి మారిపోతుంది. వెనక వచ్చిన మాటలను బట్టి యంత్రం ముందు మాటను దిద్దుకుందన్నమాట.

అసలు దానికి అందేది మాటలు కావు, గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు. వాటిని సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు. ఆ అంకెల వరుస నుంచి ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, సుమారు 25 మిల్లీసెకన్ల నిడివిగల ముక్కలు తీస్తారు. ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలు అన్నది) ఎంత బలంగా ఉందో లెక్కకడతారు. ఆ లెక్కల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఎక్కడా కనిపించదు, ఎందుకంటే మనం మాటలను కలిపేసి పలుకుతాం. విచిత్రమేమిటంటే నిశ్శబ్దం మాట నడుమ ఉంటుంది. "అక్క" అని పలికి చూడండి. "క్క" దగ్గర నాలుక గాలిని పూర్తిగా ఆపేస్తుంది. రాతలో ఖాళీ ఉన్నచోట గొంతు ఆగదు, ఖాళీ లేనిచోట ఆగుతుంది.

ఈ చిక్కుతో శాస్త్రజ్ఞులు చాలాకాలం పెనుగులాడారు. 1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో తయారైన ఆడ్రీ అనే యంత్రం, తనకు అలవాటైన గొంతు పలికితే అంకెలను గుర్తుపట్టేది. 1962లో ఐబీఎం ప్రదర్శించిన షూబాక్స్ అనే యంత్రానికి 16 మాటలు వచ్చు. 1976 నాటికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి బృందం రూపొందించిన హార్పీ అనే ప్రోగ్రాం వెయ్యికి పైగా మాటలను అందుకుంది. అదే దశకంలో ఐబీఎంలో ఫ్రెడరిక్ జెలినెక్ బృందం ప్రశ్ననే మార్చింది. వ్యాకరణ సూత్రాలు నూరిపోయడం మానేసి, ఈ ధ్వనికి ఏ వాక్యం మూలమై ఉండే అవకాశం ఎక్కువ అని లెక్కవేయమంది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. 1990లో వచ్చిన డ్రాగన్‌డిక్టేట్ అనే డిక్టేషన్ ప్రోగ్రాంతో మాటమాటకూ ఆగి మాట్లాడాల్సి వచ్చేది. 1997కు ఆ అవసరం తీరింది. ఇప్పుడు ఆ అవకాశాల లెక్కను న్యూరల్ నెట్‌వర్క్‌లు, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాంలు, వేస్తున్నాయి.

అంటే యంత్రం చేసేది ఊహ. అది తెలిస్తే మన పద్ధతి మారాలి. ఒక్కో మాటను విడగొట్టి, నొక్కి నొక్కి పలికితే మేలని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. కానీ ఊహకు ఆధారం చుట్టూ ఉన్న మాటలు. వాక్యాన్ని మనసులో కూర్చుకుని, మామూలు వేగంతో, ఒకే ఊపులో చెప్పేస్తే తప్పులు తగ్గుతాయి.

మిగిలిన తప్పులే ప్రమాదకరం. చేత్తో టైపు చేసినప్పుడు పడే అచ్చుతప్పు అక్షరం చెదిరి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డిక్టేషన్‌లో తప్పు అలా దొరకదు. "కలం" బదులు "కాలం", "కల" బదులు "కల్ల" వస్తాయి. దీర్ఘమూ ఒత్తూ చాలావరకు నిడివిలోని తేడాలే కాబట్టి, తొందరలో పలికితే అవి చెరిగిపోతాయి. పడిన మాట మాత్రం నిఘంటువులో ఉన్న చక్కని మాటే, కన్ను ఆగకుండా దాటిపోతుంది. అందుకే రాసింది కాసేపు పక్కన పెట్టి, తర్వాత ఫోను చేతనే బిగ్గరగా చదివించుకుని వింటాను. కన్ను వదిలేసింది చెవికి తగులుతుంది.

ఇక వేగం సంగతి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో పరీక్షించినప్పుడు ఇంగ్లీషులో ఫోను కీబోర్డు కన్నా మాటే సుమారు మూడు రెట్లు వేగమని తేలింది. అయితే అక్కడ వాక్యాలు ముందే ఇచ్చారు. సొంతంగా రాసేటప్పుడు ఆలస్యం వేళ్ళ దగ్గర కాదు, ఆలోచన దగ్గర. నవలాకారుడు హెన్రీ జేమ్స్ 1897లో మణికట్టు నొప్పి వల్ల టైపిస్టుకు చెప్పి రాయించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన వాక్యాలు అంత పొడవుగా మెలికలు తిరగడానికి అదీ ఒక కారణమని విమర్శకులు అంటారు. మాట్లాడేటప్పుడు వెనక్కి చూసుకోలేం, వాక్యం సాగిపోతూనే ఉంటుంది. కాబట్టి చెప్పి రాసింది తొలిప్రతి మాత్రమే. కోతకు అంతే సమయం ఉంచుకోవాలి.

మైకును నోటికి దగ్గరగా, కాస్త పక్కకు పెట్టండి. దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మరీ ఎదురుగా పెడితే "ప", "బ" పలికినప్పుడు ఊపిరి తగిలి చప్పుడవుతుంది.

యంత్రం ఊహ ఎంత బాగుంటుందనేది ఎన్ని గొంతులు విన్నదన్న దానిమీదా ఆధారపడుతుంది. 2022లో వచ్చిన, మాటను రాతగా మార్చే విస్పర్ అనే ప్రోగ్రాం 6,80,000 గంటల మాటలతో నేర్చుకుంది. రాత్రింబవళ్ళు విన్నా మనిషికి 77 ఏళ్ళు పడుతుంది. అందులో ఇంగ్లీషు కాని 96 భాషల్లో, ఆ భాషలోనే రాతప్రతి ఉన్నవి అన్నీ కలిపి 1,17,000 గంటలే. ఈ కొరత తీర్చడానికి మొజిల్లా సంస్థ 2017లో కామన్ వాయిస్ అనే గొంతుల సేకరణ మొదలుపెట్టింది. తెర మీద కనిపించే వాక్యాన్ని చదివి, ఎవరైనా తమ గొంతును అందరి వాడకానికీ ఇచ్చేయవచ్చు. ఒక్కో వాక్యానికి కొన్ని సెకన్లు పడుతుంది.