లైంగిక విద్యకు తొమ్మిదో తరగతి గీత ఎవరు గీశారు?

లైంగిక విద్య తొమ్మిదో తరగతి నుంచి కాదు, ఇంకా చిన్న వయసులోనే మొదలవ్వాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అనడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో ఇరుక్కున్న ఉత్తరప్రదేశ్‌ అబ్బాయి బెయిలు వ్యవహారమది. అతనికి పదిహేనేళ్లు. మీ హైస్కూళ్లలో ఈ పాఠాలు ఎలా చెబుతున్నారని జస్టిస్ సంజయ్ కుమార్, జస్టిస్ అలోక్ అరాధేల ధర్మాసనం ఆ రాష్ట్రాన్ని అడిగింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా చెబుతున్నామని జవాబొచ్చింది.

తొమ్మిదే ఎందుకు? పిల్లల ఎదుగుదల చూసి పెట్టిన అంకె కాదది. చాలామంది ఆడపిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లోనే పెద్దమనుషులవుతారు. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అధికారుల టెన్షన్ అంతా ఎయిడ్స్ గురించే. విద్యాశాఖతో పాటు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దాన్ని భుజానికెత్తుకుంది. 9, 11 తరగతుల పిల్లల్ని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఒళ్లు ఎలా మారుతుంది, ఇష్టం లేనప్పుడు వద్దని ఎలా చెప్పాలి అనే సంగతులు పాఠంలో ఉన్నా, జబ్బు భయమే ముందు నడిచింది.

అసలు మలుపు 2007లో వచ్చింది. టీచర్ల కోసం పంపిన ఫ్లిప్‌చార్టుల్లో శరీర భాగాల బొమ్మలు చూసి మహారాష్ట్ర శాసనసభ అట్టుడికింది. అక్కడ కాంగ్రెస్ కూటమి ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో బీజేపీ ప్రభుత్వాలూ అదే దారి పట్టాయి, కర్ణాటక కూడా. ఏ రెండు విషయాల్లోనూ కలవని పార్టీలు ఇక్కడ మాత్రం ఒక్కటయ్యాయి. ఉత్తరప్రదేశ్‌లో ఉపాధ్యాయ సంఘాల నుంచే వ్యతిరేకత వచ్చింది. వాళ్లను తప్పుపట్టలేం: నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి, అరవై మంది పిల్లల ముందు ఆ చార్టు తిప్పమంటే ఎవరికైనా చెమటలు పడతాయి. కేంద్రం బొమ్మలు తీసేసి పుస్తకాన్ని సవరించింది గానీ అప్పటికే పరువు పోయింది.

ఆ గొడవ సాగుతుండగానే, అదే ఏప్రిల్‌లో, కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ పిల్లలపై అకృత్యాల గురించి ఒక నివేదిక విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. మగపిల్లలూ బాధితులే. బొమ్మల మీద వీధికెక్కినవాళ్లలో ఎందరు ఈ నివేదిక తిరగేశారో!

తర్వాతి అంకం మన నెల్లూరు నాయకుడు ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన నడిచింది. ఈ కార్యక్రమంపై వచ్చిన అర్జీని విచారించిన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో తన 135వ నివేదికలో, మన దేశ సామాజిక సాంస్కృతిక వాతావరణంలో లైంగిక విద్యకు చోటు లేదని తేల్చింది. పెళ్లికి ముందు లైంగిక సంబంధం అనైతికమని పిల్లలకు చెప్పాలంది. యోగా, ఆయుర్వేదం, మహనీయుల జీవితాలు పాఠాల్లో పెట్టాలంది. హెచ్‌ఐవీ సంగతులు పై తరగతుల జీవశాస్త్రంలోకి జరపాలంది. తల్లిదండ్రుల బెరుకు నిజమైనదే, దాన్ని కమిటీ లెక్కలోకి తీసుకుంది. వేధింపుకు గురైన పిల్లాడు ఎవరితో ఏ మాటల్లో చెప్పుకోవాలన్న దానికి మాత్రం మహనీయుల చరిత్రలో జవాబు దొరకదు. కమిటీ సిఫారసు చట్టం కాదు. అయినా ఏ అధికారి మళ్లీ ఆ ఫైలు ముట్టుకుంటాడు?

జార్ఖండ్ వేరే దారిలో వెళ్లింది. 2006లో మొదలైన అక్కడి కార్యక్రమం ‘ఉడాన్’ అన్న పేరుతో ఏళ్ల తరబడి నడిచింది. 2024 సెప్టెంబరులో, పిల్లల అశ్లీల వీడియోలకు సంబంధించిన తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని మెచ్చుకుంటూ, లైంగిక విద్య పాశ్చాత్య సరుకన్న అపోహను తప్పుపట్టింది.

కేంద్రం కూడా 2018లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది. బడికి ఇద్దరు టీచర్లు, 11 అంశాలు. మానసిక ఆరోగ్యం, ఇంటర్నెట్ భద్రత, పునరుత్పత్తి ఆరోగ్యం అన్నీ అందులోనే. ఇది ఆరో తరగతి నుంచే. కాగితం మీద ఆరు, కోర్టులో చెప్పింది తొమ్మిది.

తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ మీద ఏకంగా ఒక పాఠమే ఉంది. చాలా బళ్లలో ‘ఇవి ఇంటి దగ్గర చదువుకోండి’ అని సార్ పేజీలు తిప్పేస్తారు. పదో తరగతికొచ్చేసరికి ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించే ప్రశ్నగా మిగులుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. ఇక పద్దెనిమిది నిండనివాళ్లతో లైంగిక సంబంధం ప్రేమతో, ఇష్టంతో జరిగినదైనా 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమే. ఆ సంగతి చాలామంది అబ్బాయిలకు పోలీస్ స్టేషన్‌లోనే తెలుస్తోంది.

అక్టోబరు నాటి ఉత్తర్వులో ధర్మాసనం గడువేమీ పెట్టలేదు. సంబంధిత అధికారులే ఆలోచించి దిద్దుబాటు చేయాలంటూ వాళ్లకే వదిలేసింది.